పెనం సంగతి ఆ పిల్లకు తెలుసా?

ప్రశ్న:

నమస్తే అంకుల్. మాది విశాఖలోని మల్కాపురం. నా వయసు 26. బెంగళూరులో మూడేళ్ళు చేసి, పోయిన ఏడాది ఉద్యోగం మీద జర్మనీలోని హాంబుర్గ్ వచ్చాను. ఆఫీసు బాగానే ఉంది. ఇల్లే బాగాలేదు. నలుగురం ఒక ఫ్లాట్‌లో ఉంటాం. ఎవరి గది వాళ్ళది, వంటిల్లు, బాత్రూమ్ అందరిదీ. ఇల్లు ఒక జర్మన్ ఆవిడ పేరు మీద ఉంది, ఆవిడా ఇందులోనే ఉంటారు. ఒక ఇటలీ అమ్మాయి, ఒక బ్రెజిల్ అబ్బాయి, నేను.

నా దోసెల పెనం మీద ఇటలీ అమ్మాయి పంది మాంసం వేయించింది. మేము కోడి, చేప తింటాం కానీ పంది ముట్టుకోం. సారీ, వాడుకున్నాను అంది. పర్లేదు అన్నాను. రాత్రి ఆ పెనం చెత్తబుట్టలో పడేసి ఏడ్చాను. బాత్రూమ్‌లో నేను పెట్టుకున్న మగ్గుతో బ్రెజిల్ అబ్బాయి మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. దానికీ పర్లేదన్నాను. ఇటలీ అమ్మాయి స్నేహితుడు వారంలో నాలుగు రాత్రులు ఇక్కడే ఉంటాడు. నీకేం ఇబ్బంది లేదుగా అని ఆ పిల్ల అడిగితే మళ్ళీ పర్లేదన్నాను. అతను ఒకసారి నేను వండుతుంటే నన్ను చూసి ముక్కు మూసుకుని నవ్వాడు.

పోపు పొగకి ఒకసారి అలారం మోగింది. ఆదివారం పొద్దున్న అల్లం చట్నీకి మిక్సీ వేస్తే కింది ఇంటి పెద్దాయన వచ్చి బెల్లు కొట్టాడు. అమ్మ పంపిన ఎండు నెత్తళ్ళు వేయించిన మర్నాడు ఫ్రిజ్ మీద చీటీ ఉంది: 'వండేటప్పుడు దయచేసి వంటింటి తలుపు మూసి, కిటికీ తెరవండి.' పేరు రాయలేదు కానీ నాకేనని తెలుస్తూనే ఉంది.

ఇదే ఊళ్ళో హార్బుర్గ్ అనే పేటలో ముగ్గురు తెలుగమ్మాయిల ఫ్లాట్‌లో ఒక గది ఖాళీ అయింది. 'ఏటే ఆ బతుకు, మనోళ్ళ కాడికి ఎల్పో' అంటోంది అమ్మ. ఇక్కడ హీటింగ్ వగైరా కాకుండా అద్దె 540 యూరోలు, అన్నీ కలిపి 640. అడ్వాన్సు 2,000 ఇచ్చాను. ఇది రేసిజమేనా? వెళ్ళిపోనా?

సమాధానం:

అంకుల్ అన్నావు కనక నువ్వు అనే రాస్తానమ్మా. ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని 'పర్లేదు' అన్నచోటల్లా గీత గీశాను. మూడు గీతలు పడ్డాయి. ఆ మూడు చోట్లా నీకు నిజంగా పర్లేదని కాదు, బాగానే నొప్పి పుట్టింది.

మల్కాపురంలో నువ్వు 'పర్లేదులే' అంటే మీ అమ్మ వింటుంది. మాట కాదు, ఆ 'లే' ఎంత సాగిందో వింటుంది. పక్కింటి పిన్ని అయితే నువ్వు గిన్నె కింద పెట్టిన చప్పుడు బట్టే పోల్చుకుంటుంది. ఆ ఫ్లాట్‌లో మీరు నలుగురూ మాట్లాడుకునేది ఇంగ్లీషు అనుకుంటాను, అది నలుగురిలో ఎవరికీ అమ్మ భాష కాదు. అరువు భాషలో సాగదీతలు వినపడవు. ఓకే అంటే ఓకే, అంతే. ఇటలీ అమ్మాయి తన లెక్కలో తప్పు ఒప్పుకుంది, నువ్వు క్షమించేశావు, కథ అయిపోయింది. మర్నాడు చెత్తబుట్టలో మంచి పెనం చూసి ఉంటే ఆ పిల్ల ఏమనుకుందో ఎప్పుడైనా ఆలోచించావా?

నేను ఓడల మీద మెరైన్ ఇంజనీరుగా బతుకు గడిపినవాణ్ణి. లాసన్స్ బే కాలనీలో మా మేడ మీద నుంచి ఇప్పటికీ సముద్రంలో లంగరేసిన ఓడలు లెక్కపెట్టుకుంటూ కాఫీ తాగుతాను. 1981లో మొదటిసారి ఎక్కిన ఓడలో పాతికమందిమి ఉంటే ఆరు దేశాల వాళ్ళం. వంటవాడు ఫిలిప్పీన్స్ మనిషి. వాళ్ళకీ ఎండు చేప అంటే ప్రాణం, తుయో అంటారు. పొద్దున్న అయిదింటికి నూనెలో వేసేవాడు. ఆ వాసన నాకు ఫిషింగ్ హార్బర్ గుర్తుతెచ్చేది, ఇంటి బెంగతో కళ్ళు చెమర్చేవి. అదే వాసన పోలండ్ చీఫ్ ఇంజనీరు కేబిన్‌లోకి నేరుగా వెళ్ళేది. ఆయన ఒక్క మాట అనలేదు. పదిహేను రోజులు ఠపీఠపీమని తలుపు వేసుకున్నాడు. తన జాతి అంటేనే ఇతనికి పడదని వంటవాడు తీర్మానించుకున్నాడు. ఆయన పళ్ళెంలో మాంసం తగ్గి ఎముకలు ఎక్కువయ్యాయి. మెస్‌లో కూర్చుంటే పిడుగు పడబోతున్నట్టుండేది.

చివరికి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను చూసి రమ్మని చీఫ్ నన్ను తోలాడు. నేనప్పుడు అందరికంటే చిన్న ఇంజనీర్ని, చిల్లర పనులన్నీ నావే. విప్పి చూస్తే, కిందటి రేవులో మోటారు రిపేరు చేసినవాళ్ళు రెండు ఫేజులు తారుమారుగా కలిపారు. ఫ్యాను వెనక్కి తిరుగుతోంది. పొగని బయటికి లాగాల్సింది పోయి బయట గాలిని లోపలికి తోస్తోంది. వంటింట్లో ఉన్న వాసనంతా వరండాలోకి, అక్కణ్ణుంచి చీఫ్ గదిలోకి. రెండు వైర్లు మార్చాను, పది నిమిషాల పని. మూడో రోజు చీఫ్ పళ్ళెంలో ఎండు చేప కూడా కనిపించింది, తిన్నాడో లేదో చూడలేదు.

మీ ఫ్రిజ్ మీద చీటీ చదవగానే నాకు ఆ ఫ్యానే గుర్తొచ్చింది. మా చెల్లెలి కూతురు ఏడేళ్ళుగా జర్మనీలోనే ఉంది. నీ ఊరూ పేరూ చెప్పకుండా సంగతి చెప్పి అడిగాను. అక్కడ ఇళ్ళల్లో పడకగదుల్లోనూ, బయటికి పోయే దారి వరండాలోనూ పొగ అలారం పెట్టడం చట్టం. వంటింట్లో మామూలుగా పెట్టరు, ఊరికే మోగుతుందని. అంటే నువ్వు వంటింటి తలుపు తీసి పోపు వేస్తే ఆ ఎండుమిరపకాయ పొగ వెళ్ళేది తిన్నగా వరండాలోని అలారం దగ్గరికే. తలుపు మూయమన్నది అందుకు. ఇక కిటికీ సంగతి. చలిదేశాల ఇళ్ళు గాలి చొరబడకుండా బిగించి కడతారు. లోపలి తేమ బయటికి పోకపోతే గోడలకు బూజు పడుతుంది. దానికి అద్దెకున్నవాళ్ళనే జవాబు అడుగుతారు. కాబట్టి రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి అయిదు పది నిమిషాలు ఉంచి మూసేస్తారు. జర్మన్లకు అది మనకు పొద్దున్నే వాకిలి చిమ్మడం లాంటిది. కొంచెం ఓరగా వంచి వదిలేస్తే చాలదు, బార్లా తెరవాలి.

ఆ చీటీలో నెత్తళ్ళ మాట లేదు, నీ మాట లేదు. తలుపు ఉంది, కిటికీ ఉంది. 'మీ కూడు కంపు' అని నువ్వు చదువుకున్నావు. అయితే, పేరు లేకుండా చీటీ అంటించడం నాకూ నచ్చదు. నలుగురున్న ఇంట్లో నోటితో చెప్పలేక రాసిపెట్టడం వాళ్ళ 'పర్లేదు' అనుకో. వాళ్ళు కాగితం మీద దాక్కున్నారు, నువ్వు నవ్వు వెనక దాక్కున్నావు.

ఇప్పుడు రేసిజం సంగతి. లేదని నీకు నచ్చజెప్పను. ఉంది, నేను చాలా రేవుల్లో తిన్నాను. నా కొలత ఒకటుంది: మాట పని మీద పడిందా, మనిషి మీద పడిందా అని చూస్తాను. 'ఆదివారం మిక్సీ వేయొద్దు' అనేది పని మీద. ఆ పెద్దాయన బ్రెజిల్ అబ్బాయి డ్రిల్లింగ్ మిషను పెట్టినా అలాగే వచ్చి బెల్లు కొడతాడు. అక్కడ రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా నిశ్శబ్దం, ఆదివారమైతే రోజంతా. చాలా ఇళ్ళలో అద్దె కాగితాలతో పాటు ఇచ్చే నిబంధనల్లోనే రాసి ఉంటుంది. నువ్వు చదివి ఉండవు, మనం ఎవరం చదువుతాం. చట్నీ శనివారం మధ్యాహ్నం రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకో, అల్లం చట్నీ మర్నాటికి ఇంకా ఊరుతుంది కూడా.

ముక్కు మూసుకుని నవ్వడం మాత్రం మనిషి మీద పడింది. పైగా చేసినవాడు ఆ ఇంట్లో అద్దె కట్టేవాడు కాదు. దీన్ని చీటీతో కలిపి ఒకే మూట కట్టకు. అలా కడితే చీటీ పెద్దదవుతుంది, ఇది చిన్నదవుతుంది. మళ్ళీ చేస్తే అప్పటికప్పుడు, అతని మొహం మీదే, నవ్వకుండా చెప్పు: 'ఇది నాకు తమాషా కాదు, నా వంట గురించి అలా చెయ్యకు.' రెండు ముక్కలు చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. నవ్వకుండా అన్నాను చూశావా, అదే కష్టం మనకి. కోపంలో కూడా పళ్ళు బయటపెడతాం. ఆ తర్వాత ఇల్లు తన పేరు మీదున్న జర్మన్ ఆవిడకీ చెప్పు. ఆవిడ తేలిగ్గా కొట్టిపారేస్తే, అప్పుడు ఇల్లు మారడానికి అది మంచి కారణం. పెనం కాదు.

హార్బుర్గ్ గది గురించి. వెళ్ళొద్దని నేనెందుకంటాను, తెలుగు వినపడే ఇంట్లో నిద్ర బాగా పడుతుంది. కానీ ఒకటి అడుగుతాను. ఆ ముగ్గురికీ నెత్తళ్ళ వాసన పడుతుందని ఎవరు చెప్పారు నీకు? మన విశాఖలోనే ఎన్ని గేట్లకు 'శాకాహారులకు మాత్రమే' అని టులెట్ బోర్డులు వేలాడతాయో నీకు తెలియదా? ఓడ దిగి ఇల్లు వెతుక్కున్న రోజుల్లో ఈ ఊళ్ళోనే మూడు చోట్ల మా ఆవిణ్ణి 'చేపలు వండుతారా' అని అడిగారు. చీటీ కూడా లేదు, గుమ్మంలోనే. చీటీకే నొచ్చుకున్న నువ్వు, అచ్చ తెలుగులో 'ఏమ్మా, ఇవాళ కూడా చేపలేనా' అంటే తట్టుకుంటావా? అక్కడ కూడా పర్లేదు అంటూ పెనాలు పారేస్తావా? వెళ్ళాలనిపిస్తే ముందు ఒక శనివారం వెళ్ళి వాళ్ళ వంటింట్లో నెత్తళ్ళ వేపుడు చేసిపెట్టు. నోరు తెరవక్కర్లేదు, తెలిసిపోతుంది.

డబ్బు సంగతి గట్టిగా పట్టించుకో, అది నీ ఉత్తరం చివర్లో ఇరుక్కుపోయింది. అక్కడి చట్టం ప్రకారం అడ్వాన్సు, హీటింగ్ వగైరా కలపని అద్దెకు మూడు రెట్లు దాటకూడదు. నీ 540కి 1,620. నువ్వు 2,000 ఇచ్చావు. పైగా దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు నీకు ఉండేది. ఆ 380 తిరిగి అడగొచ్చు. వదులుకోవడం అనే మాటే రాకూడదు, అది నీ డబ్బు. ఆవిడకు మోసం చేసే ఉద్దేశం ఉందని అనుకోను, ముందున్నవాళ్ళ దగ్గర తీసుకున్నంతే తీసుకుని ఉంటుంది. కాగితం ముందు పెట్టి మర్యాదగా అడుగు.

ఖాళీ చేయాలంటే నోటీసు మామూలుగా మూడు నెలలు. యజమాని ఉంటున్న ఇంట్లోనే సామానుతో ఇచ్చిన గది అయితే, నెలలో 15వ తేదీ లోపు చెబితే ఆ నెలాఖరుకే వదిలేయొచ్చు. నీది ఏ రకమో కాంట్రాక్టులో చూడు, సామాను ఎవరిదో అందులో ఉంటుంది. ఏదైనా సరే, నోటీసు కాగితం మీద, సంతకంతో ఇవ్వాలి. వాట్సాప్‌లో పెట్టింది చెల్లదు. హాంబుర్గ్‌లో అద్దెదారుల సంఘం ఉంది, మీటఫెరైన్ అంటారు. సభ్యత్వం కడితే లాయర్లు కాంట్రాక్టు చూసిపెడతారు. కొత్త ఇంటికి మారితే రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇల్లు ఇచ్చినవాళ్ళ సంతకమున్న కాగితం కావాలి. ఆ సంతకం పెట్టం అని ఎవరైనా అంటే ఆ గది వద్దు, తెలుగువాళ్ళదైనా సరే.

రేడియో, టీవీ చందా అని నెలకు 18.36 యూరోలు అడుగుతూ నీ పేరున ఉత్తరం వస్తే కంగారు పడకు. అది ఇంటికి ఒకటే, మనిషికి ఒకటి కాదు. జర్మన్ ఆవిడ కడుతుంటే ఆవిడ చందా నంబరు రాసి పంపితే సరిపోతుంది, నీ వాటా ఆవిడకు ఇవ్వు.

ఇక ఆ వారానికి నాలుగు రాత్రుల స్నేహితుడు. అంటే నెలకు పదహారు పదిహేడు రాత్రులు. వేడినీళ్ళు, కరెంటు, టాయిలెట్ పేపరు, బాత్రూమ్ ముందు క్యూ. ఇది అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ పిల్ల నిన్ను స్వయంగా అడిగింది కూడా, తలుపు తెరిచి పెట్టింది. వెనక్కి వెళ్ళి 'ఆ రోజు పర్లేదన్నాను, నిజానికి ఇబ్బందిగానే ఉంది, రెండు రాత్రులైతే నాకు బాగుంటుంది' అను. మాట మార్చానేమో అని బాధపడకు. వాళ్ళలో మాట మార్చుకోవడం తప్పు కాదు, మనసులో ఉంచుకోవడమే వాళ్ళకు అంతుబట్టదు.

అందరూ ఇంట్లో ఉన్న సాయంత్రం ఒకటి చూసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టు. ముందు నీ తప్పుతో మొదలుపెట్టు: తలుపు, కిటికీ, ఆదివారం మిక్సీ, అలారం. అవి ఒప్పుకుంటే నీ గౌరవం తగ్గదు, మిగిలినవి వినడానికి వాళ్ళకు చెవులు తెరుచుకుంటాయి. తర్వాత పెనం. ఎందుకు పారేశావో చెప్పు. మీ ఇంట్లో పంది మాంసం తగిలిన గిన్నెలో వండరని చెప్పు. ఆ పిల్ల మొహం ఎర్రబడుతుంది, బహుశా కొత్తది కొనిస్తానంటుంది. కొననివ్వు! అక్కడ మాత్రం 'పర్లేదు' అన్నావంటే ఈ ఉత్తరమంతా దండగ.

మగ్గు సంగతి వచ్చినప్పుడు మాత్రం నవ్వొచ్చు, నేనూ నవ్వాను. అది దేనికో ఆ అబ్బాయికి తెలియదమ్మా. చెప్పిన మరుక్షణం ఆ మొక్కల వంక వేరే చూపు చూస్తాడు. పది రూపాయల ప్లాస్టిక్ మగ్గు కోసం ఒక మనిషి మీద ఏడాది పొడుగునా చిరాకు పడ్డావు. సూపర్ మార్కెట్‌లో తిరిగి ఇస్తే ఒక్కసారి వాడే రకం ఖాళీ సీసాకు 25 సెంట్లు వస్తాయి కదా, ఇంట్లో నలుగురి సీసాలూ పోగేసి ఆ డబ్బుతో అతనికో నీళ్ళ క్యాను కొనండి.

ఆదివారం వీడియో కాల్ గురించి నువ్వు రాయలేదు కానీ ఉంటుందని నా అనుమానం. అక్కడ పొద్దున్న 8 అంటే ఇక్కడ ఎండాకాలంలో పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. మీ అమ్మ కూర దించి తీరిగ్గా కూర్చునే వేళ. మల్కాపురం మొత్తం స్పీకర్‌లో మాట్లాడితే ఆ గోడలు ఆపలేవు. ఇయర్‌ఫోన్లు పెట్టుకో.

చిన్నప్పుడు బడివాళ్ళు బీచ్‌రోడ్డులో కుర్సుర జలాంతర్గామి చూడ్డానికి తీసుకెళ్ళే ఉంటారు. 91 మీటర్ల ఇనప గొట్టంలో డెబ్బై మందికి పైగా నెలల తరబడి ఎలా ఉన్నారో అని నోరు తెరిచి ఉంటావు. ఈసారి వచ్చినప్పుడు మళ్ళీ వెళ్ళి పైపులూ, చక్రాలూ చూడు. సముద్రంలో పనిచేసేవాడు ఏ వాల్వు ఏదో మొహం చూసి పోల్చుకోడు. దాని మీద పట్టీ ఉంటుంది, రంగు ఉంటుంది. అర్ధరాత్రి డ్యూటీకి లేచినవాడు నిద్రకళ్ళతో కూడా తప్పు తిప్పకుండా ఉండాలని.

అందుకే కొత్త పెనం వచ్చాక దాని పిడికి ఎర్ర దారం చుట్టు. ఫ్రిజ్ మీద ఆ చీటీ పక్కనే నువ్వూ ఒకటి అంటించు, కింద నీ పేరు రాసి: 'ఎర్ర దారం ఉన్న పెనం నాది, దీని మీద పంది, గొడ్డు మాంసం వద్దు. మిగతా ఏదైనా వండుకోండి.'

అమ్మకో మాట. పార్సిల్‌లో ఎండు చేపలు పర్లేదు (ఇది నిజం పర్లేదు), సొంతానికి 20 కిలోల దాకా యూరప్‌లోకి రానిస్తారు. నెయ్యి, కోవా, కోడి పచ్చడి మాత్రం పెట్టొద్దని చెప్పు. బయటి దేశాల నుంచి పాలసరుకూ మాంసమూ రానివ్వరు, కస్టమ్స్‌లో తీసి పారేస్తారు. నెత్తళ్ళు అయిపోతే ఆదివారం తెల్లారుజామున ఎల్బ నది ఒడ్డున చేపల సంత జరుగుతుంది, ఎండాకాలంలో 5 గంటలకే మొదలు, తొమ్మిదిన్నరకి సర్దేస్తారు. ఊరంతా నిశ్శబ్దంగా ఉండే ఆదివారం గొంతు చించుకుని అరిచి అమ్మే చోటు అదొక్కటే, మన ఫిషింగ్ హార్బర్‌లో ఉన్నట్టే ఉంటుంది. నేను ఓడ దిగి రెండుసార్లు వెళ్ళాను. ఆ ఇటలీ పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళు, వాళ్ళ దేశంలోనూ నెత్తళ్ళు ఉప్పులో ఊరేసుకుని తింటారు.